మరమ్మతుకు పోయిన నగ

కొత్త నగ కొనాలంటే ఇంటిల్లిపాదీ కదులుతాం. వదినగారు వస్తారు, ఆడపడుచు వస్తుంది, బేరం దగ్గర గట్టిగా మాట్లాడగల పెద్దాయన ఒకరు వెంట ఉంటారు. దుకాణంవాళ్ళు మెత్తటి కుర్చీలు వేసి, చల్లటి డ్రింకు చేతికిస్తారు. అదే గొలుసు కొక్కెం విరిగిందనుకోండి, కమ్మ శీల అరిగిందనుకోండి, ఒక్కళ్ళమే వెళ్తాం. చిన్న కాగితంలో మడిచి, పర్సు లోపలి అరలో పెట్టుకుని, దారి పొడుగునా తడిమి చూసుకుంటూ వెళ్తాం. ఈసారి డ్రింకు ఉండదు. కౌంటర్ చివరి కుర్రాడు నగను ఒక చిన్న ప్లాస్టిక్ సంచిలో పడేసి, "వారం తర్వాత రండి మేడమ్" అంటాడు. ఆ వారం రోజులూ మెడ బోసిగా ఉందన్న బాధ కన్నా, మన వస్తువు ఎవరి చేతిలో ఉందో అన్న బెంగే ఎక్కువ.

ఆ బెంగ ఊరికే పుట్టింది కాదు. కొనేటప్పుడు మనం ఇచ్చేది డబ్బు, తెచ్చుకునేది వస్తువు. బాగుకిచ్చేటప్పుడు వస్తువే ఇచ్చి నమ్మకం తెచ్చుకుంటాం. ఈ నమ్మకానికి చాలా పాత చరిత్ర ఉంది. నగల చరిత్ర రాసినవాళ్ళు రాణుల హారాల గురించి, వజ్రాల గురించి రాశారు గాని, అతుకు ఊడిన గొలుసు గురించి ఎవరు రాస్తారు? అందుకే ఈ వారం నేను ఆ పని పెట్టుకున్నాను.

కంసాలి దగ్గర అనుమానపడిన ఖాతాదారుల్లో అందరికన్నా పేరున్నవాడు సిరక్యూజ్ రాజు హైరాన్. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంవాడు. దేవుడికి కిరీటం చేయించమని బంగారం తూచి ఇచ్చాడు. కిరీటం వచ్చింది, తూకం సరిపోయింది. అయినా లోపల వెండి కలిపారేమోనని అనుమానం. ఆ అనుమానం తీర్చబోయే ఆర్కిమెడిస్ స్నానపు తొట్టిలోంచి లేచి వీధిలో పరుగెత్తాడని విట్రూవియస్ అనే రోమన్ రచయిత చెప్పిన కథ. బడిలో మనం దీన్ని భౌతికశాస్త్రం పాఠంగా చదివాం. నిజానికిది ఖాతాదారుడి ఫిర్యాదు!

మన దేశంలో ఆ ఫిర్యాదు కథగా మిగలలేదు, చట్టంగా మారింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కంసాలి పని మీద ప్రత్యేకంగా అధ్యాయాలున్నాయి. ఏ వన్నెతో, ఏ తూకంతో బంగారం పుచ్చుకున్నారో అదే వన్నెతో, అదే తూకంతో తిరిగి ఇవ్వాలి. అరుగుదలకు, రాలిపోయినదానికి మాత్రమే మినహాయింపు. చెప్పిన గడువు దాటితే కూలిలో నాలుగోవంతు కోత, పైగా కూలికి రెట్టింపు జరిమానా. "వారం తర్వాత రండి" అని మూడు వారాలు తిప్పించేవాళ్ళకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును. బంగారం ఏయే దారుల్లో తగ్గుతుందో కూడా ఆయన ఐదు రకాలుగా లెక్కపెట్టాడు. తక్కెడలో మోసం, కరిగించేటప్పుడు మార్చడం, లోపల ఇంకేదో పెట్టి పైన బంగారం కప్పడం అందులోవే. అంటే అప్పటికే ఎంతమంది ఆడవాళ్ళు ఎంత గొడవపడి ఉంటారో ఊహించుకోండి.

ఇంత పెద్ద చరిత్రను నేను చూసిన కిటికీ మాత్రం చాలా చిన్నది. దాని పేరు జుక్కల్.

కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడ డివిజన్‌లో, తెలంగాణ ఒక మూలకు వచ్చి ఆగిపోయేచోట ఉంటుంది జుక్కల్. ఒకపక్క మహారాష్ట్ర దెగ్లూరు, ఇంకోపక్క కర్ణాటక బీదరు. దగ్గరలోనే కౌలాస్ కోట. మా అమ్మమ్మగారి ఊరు అటువైపే. సెలవులకు వెళ్ళినప్పుడు ఒకే అరుగు మీద మూడు భాషలు వినపడేవి. బంగారం పని చేసేవాణ్ణి మావాళ్ళు అవుసలాయన అనేవాళ్ళు, మరాఠీవాళ్ళు సోనార్ అనేవాళ్ళు, కన్నడంవాళ్ళు అక్కసాలిగ అనేవాళ్ళు. మూడు పేర్లకూ పలికేవాడు మాత్రం ఒక్కడే.

ఆయన మెడలూ మూడు రకాలవి చూసేవాడు. మన పుస్తెలు బిళ్ళల్లా ఉంటాయి. మరాఠీ మంగళసూత్రానికి నల్లపూసల మధ్య రెండు చిన్న గిన్నెల్లాంటివి ఉంటాయి. తండాల నుంచి వచ్చే లంబాడీ ఆడవాళ్ళవి బరువైన వెండి నగలు. కొత్తవి చేయించుకునేది పెళ్ళికీ పేరంటానికీ అయితే, బాగు చేయించుకునేది ఏడాది పొడుగునా. పొలం పనిలో తెగినవి, పిల్లాడు లాగితే ఊడినవి, వంగిన గాజు, సొట్టపడిన గుండు. పెళ్ళి పని బంగారం తెచ్చిపెడితే, రోజూ పొయ్యి వెలిగించింది మాత్రం మరమ్మతు పనే.

గుండు అన్నాను గనుక ఒక మాట. మన పాత గుండ్ల పేర్లలో చాలావాటికి లోపల బంగారం నిండి ఉండదు. పైన రేకు, లోపల లక్క. మాటు వేయాలంటే నిప్పు తగలాలి, నిప్పు తగిలితే లక్క కరుగుతుంది. అందుకని లక్క తీసి, పనయ్యాక మళ్ళీ నింపాలి. ముందు తూచిన తూకానికీ తర్వాతి తూకానికీ తేడా వస్తుంది. తేడా లక్కదా, బంగారానిదా? ఇక్కడే సగం తగాదాలు.

అందుకే మా అమ్మమ్మ పద్ధతి వేరు. నగ ఇచ్చి ఇంటికి వచ్చేది కాదు. అవుసలాయన అరుగు మీద కుంపటి ఎదురుగా పీట వేసుకుని, పనయ్యేదాకా కూర్చునేది. ముందు తూకం. ఒకపక్క నగ, ఇంకోపక్క గురిగింజలు. తర్వాత నిప్పు. వెలిగారం రాసి, ఊదుగొట్టంతో మంట మళ్ళించి, గోరంత ముక్కను అతుకు మీద కరిగిస్తాడు. ఆకురాయితో నునుపు చేస్తాడు. రాలిన పొడిని ఒళ్ళో పరుచుకున్న తోలు మీద పడనిచ్చి, కుంచెతో కూడదీస్తాడు. కుంకుడు రసంతో తోమి, మళ్ళీ తూకం.

"నిప్పులేసినంక బంగారం మనది కాదు బిడ్డా. మళ్ల తక్కెట్లేసి చూసినంకనే మనది" అనేది అమ్మమ్మ నాతో, ఆయన వింటుండగానే. ఆయనకు కోపం వచ్చేది కాదు. "సూడుండ్రి అమ్మా, సూస్తెనే నాకూ మంచిది" అనేవాడు. అప్పట్లో అది నాకు మామూలు మాటలాగే వినపడింది. ఆమె అక్కడ కూర్చోవడం ఆయన మీద అనుమానంతో మాత్రమే కాదు, ఆయనకు అది రక్షణ కూడా. రేపు పొద్దున్న ఎవరైనా ఏమన్నా అంటే, సాక్షి ఖాతాదారే.

ఎందుకు రక్షణ కావాలంటే, ఆ వృత్తికి పడిన మచ్చ అలాంటిది. తల్లి బంగారమైనా కాస్త తీయకుండా కంసాలి వదలడని తెలుగులోనూ కన్నడంలోనూ కూడా సామెత ఉంది. మోసగాళ్ళు ఏ వృత్తిలో లేరు? అయితే ఆ సామెతలో సగం పాపం మనిషిది కాదు, లోహానిది. అదెలాగో చెబుతాను.

స్వచ్ఛమైన బంగారం 1064 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది. అతుకు వేయాలంటే, నగ కరగకుండా అతుకు మాత్రమే కరగాలి. అంటే అతుకు వేసే లోహం తక్కువ వేడికే కరిగేది కావాలి. అందుకని బంగారంలో రాగి, వెండి ఎక్కువ కలిపి మాటు తయారుచేస్తారు. దాని వన్నె నగ వన్నె కన్నా తక్కువ. అది మోసం కాదు, అలా కాకపోతే అతుకే పడదు. గొలుసులో కొలికి కొలికికీ ఒక అతుకు. తెగిన ప్రతిసారీ ఇంకొకటి. పాతికేళ్ళు వాడి, నాలుగుసార్లు బాగు చేయించిన గొలుసును కరిగిస్తే వచ్చే ముద్ద, మొదట ఇచ్చిన వన్నెలో ఉండనే ఉండదు. "మా అమ్మ ఇచ్చింది మేలిమి, వీడు మార్చేశాడు" అని ఏడ్చినవాళ్ళలో కొందరి ఏడుపు వెనక ఉన్నది ఈ మాటే.

దుమ్ము సంగతీ అంతే. ఆకురాయి కింద రాలే పొడి కంటికి కూడా ఆనదు. బంగారం పనివాళ్ళ బజారుల్లో ఊడ్చిన చెత్తను, కుంపటి బూడిదను డబ్బిచ్చి కొనుక్కుని, నీళ్ళలో కడిగి బంగారం తీసి బతికేవాళ్ళు ఒక వృత్తిగా ఉన్నారు. హిందూస్తానీలో వాళ్ళను నియారియా అంటారు, మరాఠీలో ఝారేకరి అంటారు. చెత్త కొనేవాళ్ళున్నారంటే ఆ చెత్తలో ఎంతోకొంత ఉందనే కదా! తరుగు అనే మాట అబద్ధం కాదు. అది ఎంత అన్నదగ్గరే పేచీ.

సరే, మళ్ళీ జుక్కల్‌కు వద్దాం. 1956 నవంబరు 1న రాష్ట్రాలను భాషలవారీగా మార్చినప్పుడు ఈ మూలన ఒక చిత్రం జరిగింది. అప్పటిదాకా జుక్కల్, బిచ్కుంద సర్కిళ్ళు నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలో ఉండేవి. ఆ రోజుతో అవి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. దెగ్లూరు బొంబాయి రాష్ట్రంలోకి వెళ్ళింది, 1960 నుంచి మహారాష్ట్ర అయింది. బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. దెగ్లూరు సరాఫ్ దగ్గర గొలుసు బాగుకిచ్చిన జుక్కల్ ఇల్లాలు, తీసుకోవడానికి వెళ్ళేసరికి ఇంకో రాష్ట్రానికి వెళ్ళినట్టయింది. ఆమెకేం తెలుసు! గొలుసుకూ తెలియదు.

అదే 1956లో ఇంకో రెండు మార్పులు వచ్చాయి. ఒకటి హిందూ వారసత్వ చట్టం. జూన్ 17 నుంచి అమల్లోకి వచ్చింది. హిందూ స్త్రీ దగ్గర ఉన్న ఆస్తి, నగలతో సహా, ఆమెదే, పూర్తిగా ఆమెదే అని అందులోని 14వ సెక్షన్ చెప్పింది. రెండోది తూనికలు కొలతల చట్టం. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు దశలవారీగా వచ్చాయి. గురిగింజ వెళ్ళి గ్రాము వచ్చింది.

ఈ రెండోది ఇంటి ఆడవాళ్ళ మీద ఎంత పనిచేసిందో ఎవరూ చెప్పుకోలేదు. పాత లెక్కలో తులానికి తొంభై ఆరు గురిగింజలు, అంటే 11.66 గ్రాములు. ఇవాళ బజారులో తులమంటే 10 గ్రాములు. అమ్మమ్మల కాలంనాటి ఐదు తులాల గొలుసు నిజానికి 58.3 గ్రాములు. దాన్ని కరిగించి కొత్త ఫ్యాషన్‌లో "ఐదు తులాలే" చేయించి తెస్తే, చేతికొచ్చేది 50 గ్రాములు. ఎనిమిది గ్రాముల పైన బంగారం ఒక్క మాటలో మాయం. 2025లో పది గ్రాముల ధర లక్ష రూపాయలు దాటింది కదా, ఆ లెక్కన ఎనభై వేలకు పైమాటే. ఎవరూ దొంగతనం చేయనక్కర్లేదు. తులం అనే మాట రెండు కాలాల్లో రెండు అర్థాలతో ఉంటే చాలు. కాబట్టి తులాల్లో మాట్లాడుకోండి, ముచ్చటగానే ఉంటుంది. రాయించుకునేది మాత్రం గ్రాముల్లో.

ఇక 1963. చైనాతో యుద్ధం ముగిసి రెండు నెలలు కాలేదు. విదేశీ మారకం కరువు. దొంగరవాణా బంగారాన్ని ఆపాలని, బంగారం మీద జనానికున్న మోజు తగ్గించాలని అప్పటి ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి జనవరిలో బంగారం నియంత్రణ ఉత్తర్వు తెచ్చారు. ఇకపై కొత్త నగ 14 క్యారెట్లకు మించకూడదు. అంటే నూటికి యాభై ఎనిమిదిన్నర పాళ్ళే బంగారం. మన కంసాలులకు చేతకొచ్చినది 22 క్యారెట్లు. 14 క్యారెట్లది గట్టిగా ఉంటుంది, మాట వినదు, మెరుపు తక్కువ. కొనేవాళ్ళు లేరు, చేసేవాళ్ళకు చేతకాదు. దేశమంతటా లక్షల కుంపట్లు చల్లారాయి. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. పార్లమెంటులో గొడవ జరిగింది.

మా అమ్మమ్మ చెప్పేది, ఆ ఏడాది వాళ్ళ అవుసలాయన పనిముట్లు మూటగట్టి అటక మీద పెట్టి, కొన్ని నెలలు బోధన్ షక్కర్ ఫ్యాక్టరీ వైపు కూలికి వెళ్ళాడట. ఊదుగొట్టం పట్టిన చేతులు చెరకు మోశాయి.

అప్పుడు ప్రభుత్వం మొట్టమొదట సడలించింది దేన్నో తెలుసా? కొత్త నగను కాదు. ఖాతాదారు తెచ్చిన పాత నగను, దాని వన్నె తగ్గించకుండా తిరిగి చేసిపెట్టడాన్ని. 1963 ముగిసేలోగానే స్వయంగా పనిచేసుకునే కంసాలులకు ఆ వెసులుబాటు ఇచ్చారు. 14 క్యారెట్ల నిబంధన మొత్తంగా పోయింది 1966లో. మనిషి పెళ్ళికి కొత్త నగ లేకుండా ఉండగలదేమో గాని, పుస్తెలతాడు తెగితే ఊరుకోదు. అంత పెద్ద ఉత్తర్వు కూడా ముందుగా తలవంచింది తెగిన గొలుసు దగ్గరే. మా అవుసలాయన తిరిగి వచ్చి అరుగు ఎక్కింది ఆ పనితోనే.

తర్వాత 1968లో బంగారం నియంత్రణ చట్టం వచ్చింది. ఆభరణంగా ఉన్నంతసేపు బంగారం ఇంట్లో ఉండొచ్చు, ముద్దగా, కడ్డీగా ఉండకూడదు. కంసాలికి సర్టిఫికెట్ ఉండాలి, లెక్కల పుస్తకం ఉండాలి. నగ కరిగి ముద్దయిన ఆ కాసేపు మీద కూడా సర్కారు కన్ను పడిందన్నమాట. చదువు తక్కువైన చాలామంది చేతిపనివాళ్ళకు సుత్తి కన్నా ఆ పుస్తకమే బరువైంది. లైసెన్సులున్న దుకాణాలు ముందుకొచ్చాయి. అరుగు మీది మనిషి దుకాణం వెనక గదిలోకి వెళ్ళాడు. 1990లో ఆ చట్టాన్ని రద్దు చేసేనాటికి ఒక తరం మారిపోయింది. మనకూ నిప్పుకూ మధ్య ఒక గాజు కౌంటరు వచ్చి కూర్చుంది.

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన మాట చెప్పాలి. పీట వేసుకుని ఎదురుగా కూర్చునే వీలు పోయాక, నగ తీసుకెళ్ళే పని చాలా ఇళ్ళలో మగవాళ్ళ చేతికి వెళ్ళింది. "ఇలా ఇవ్వు, బజారు వైపు వెళ్తున్నా, బాగు చేయించుకొస్తా" అంటారు. ఎంతో మంచి మాట. కానీ మా బంధువుల్లో, ఇరుగుపొరుగులో మరమ్మతుకు వెళ్ళి తిరిగిరాని నగల కథలు నేను తక్కువ వినలేదు. "పనివాడు ఊరెళ్ళాడట", "రాయి దొరకలేదట", "పండక్కి ఇస్తానన్నాడు". ఆ పండగ వెళ్ళిపోతుంది, ఇంకో పండగ వస్తుంది. గొలుసు ఉన్నది పనివాడి దగ్గర కాదు, షావుకారు ఇనప్పెట్టెలో, తాకట్టులో. మోటారుకో, విత్తనాలకో, మరిదిగారి ఉద్యోగానికో. అవసరాలు నిజమైనవే. అడిగితే ఇచ్చేదే. అడగలేదు, మరమ్మతు అన్నారు.

చిత్రమేమిటంటే, ఆ కథలన్నిటిలో తిట్లు తిన్నది కంసాలి. "వాడింకా ఇవ్వలేదు, దొంగ వెధవ" అని ఇంటామె ఏడాదిపాటు తిట్టుకుంటుంది. తన చేతికి రాని నగకు ఆ పనివాడు మాట పడ్డాడు. సామెత పుట్టింది కుంపటి దగ్గరే అనుకుంటాం. కొన్నిసార్లు అది మన వసారాలోనే పుట్టిందని నా అనుమానం.

ఈ సంగతి కోర్టులకు కూడా తెలుసు. స్త్రీధనం భార్య సొంత ఆస్తి అనీ, అత్తింట అడుగుపెట్టగానే అది ఉమ్మడిది కాదనీ, తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహం నేరమవుతుందనీ 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 ఏప్రిల్‌లో కేరళకు చెందిన ఒకావిడ కేసులో మళ్ళీ చెప్పవలసి వచ్చింది. పెళ్ళినాడు పుట్టింటివాళ్ళు పెట్టిన 89 సవర్ల బంగారాన్ని, భద్రంగా దాస్తామని తీసుకుని అత్తింటివాళ్ళు తమ అప్పులకు వాడేశారన్నది ఆమె ఫిర్యాదు. భర్తకు దాని మీద హక్కు లేదు, కష్టంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందే అని చెప్పి, 25 లక్షలు చెల్లించమన్నారు. అక్కడ "భద్రంగా దాస్తాం", మన దగ్గర "బాగు చేయిస్తాం". మాట వేరు, దారి ఒక్కటే.

ఇక ఈ కాలం సంగతి. హాల్‌మార్క్ అని అందరం అంటున్నాం. ఆ మాట లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ హాల్ నుంచి వచ్చింది. నగలను ఆ హాలుకు తీసుకెళ్ళి పరీక్ష చేయించి ముద్ర వేయించుకునేవారు. ఇంగ్లండులో వెండి బంగారాల మీద ముద్రల చట్టం 1300 నుంచీ ఉంది. మన బీఐఎస్ ముద్ర 2000లో ఐచ్ఛికంగా మొదలై, 2021 జూన్ 16 నుంచి జిల్లాలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ ముద్రతోపాటు ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు సంఖ్య లేకుండా తప్పనిసరి జిల్లాల్లో అమ్మకూడదు. ఆ సంఖ్యను ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. వన్నె ముద్రలో చెప్పినదాని కన్నా తక్కువని తేలితే, తక్కువైన బంగారం విలువకు రెట్టింపు, పరీక్ష ఖర్చు కూడా అమ్మినవాళ్ళు ఇవ్వాలి. మంచి చట్టం. కానీ ఏడాదికి 40 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న దుకాణాలకు ఇది వర్తించదు. జుక్కల్‌లాంటి ఊళ్ళలో అలాంటివాళ్ళు ఉండడమే సహజం కదా.

పైగా ముద్ర చెప్పేది నగ పుట్టిననాటి సంగతి. తర్వాత పడిన అతుకుల సంగతి దానికి తెలియదు. 916 అంటే వెయ్యికి 916 పాళ్ళు, 22 క్యారెట్లు. ఒకప్పుడు దుకాణాల బోర్డుల మీద దానికి పక్కనే కేడీఎం అని ఉండేది. అది కాడ్మియంతో వేసిన మాటు. కాడ్మియం వేడికి ఆవిరైపోతుంది గనుక వన్నె తగ్గేది కాదు. మనకు లాభమే. కానీ ఆ ఆవిరి పీల్చింది ఎవరు? వెనక గదిలోని మనిషి. అది ఊపిరితిత్తులను, మూత్రపిండాలను పాడుచేసే విషమని తెలిసి, ఆ పద్ధతిని పక్కన పెడుతూ వచ్చారు. మన కొలికి మచ్చ లేకుండా మెరవడానికి ఆ చేతులు ఎంత ఖర్చుపడ్డాయో కౌంటరు ఇవతల నుంచి కనపడదు.

ఈ మధ్య నగరంలో ఒక పెద్ద దుకాణానికి, పేరెందుకులెండి, మా అమ్మ గొలుసు తీసుకెళ్ళాను. కొక్కెం విరిగింది. చీటీ మీద "గొలుసు ఒకటి, కొక్కెం రిపేరు" అని రాసిచ్చారు. తూకమేదండీ అన్నాను. "రిపేరుకి తూకం రాయం మేడమ్" అన్నాడు కుర్రాడు. రాస్తేగాని ఇవ్వనన్నాను. వెనకాల నిలబడిన ఆవిడ విసుక్కుంది. మేనేజరు వచ్చి, తూచి, విరిగిన ముక్కతో సహా బరువు రాసి సంతకం పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత గొలుసు వచ్చింది. కొత్త కొక్కేనికి బంగారం ధర, మజూరీ లెక్కగట్టారు, న్యాయమే. "మరి పాత కొక్కెం?" అన్నాను. మొహమొహాలు చూసుకున్నారు. అది ఎక్కడికో వెళ్ళిపోయింది. చీటీ మీద బరువు ఉంది గనుక, ఆ ముక్క విలువ బిల్లులో తగ్గించారు. నన్ను విసుక్కున్నావిడ అప్పుడు తన చీటీ తీసి చూసుకుని, "మాదాంట్లో కూడా బరువు రాయండి" అంది. ఆ మాట నాకు పాత కొక్కెం ధర కన్నా ఎక్కువ అనిపించింది.

రోజుకు పదిమంది అలా ముక్కలు వదిలేసి వెళ్తే, ఏడాదికెంతో మీరే లెక్క వేసుకోండి. దాన్ని ఎవరూ దొంగతనం అనరు. అడగలేదు గనుక ఇవ్వలేదు అంటారు. అలాగే మెరుగు పెట్టించేటప్పుడూ చూసుకోవాలి. ఘాటైన ద్రావకంలో ముంచి తీస్తే నగ తళతళలాడుతుంది, కానీ పై పొర కొంత ఆ ద్రావకంలోనే ఉండిపోతుంది. కుంకుడు రసం, మెత్తటి బ్రష్షు చాలా నగలకు సరిపోతాయి.

దుకాణం నిజంగానే అన్యాయం చేస్తే ఊరుకోనక్కర్లేదు. మరమ్మతు కూడా డబ్బిచ్చి పొందే సేవే. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు మనం ఉంటున్న చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. దెగ్లూరులో నగ ఇచ్చిన జుక్కల్ ఇల్లాలు దెగ్లూరు వైపు తిరగనక్కర్లేదు. 1956లో గీసిన గీతను ఈ చట్టం ఆమె కోసం కాస్త చెరిపింది. అయితే కమిషన్ ముందు మాట్లాడేది మన కన్నీళ్ళు కాదు, చేతిలోని చీటీ.

ఆ చీటీలో ఏముండాలో కౌటిల్యుడి నాటినుంచీ తెలిసినదే. ఎంత తూకం, ఏ వన్నె, రాళ్ళెన్ని, లక్క ఉందా, ఎప్పటికిస్తారు, విరిగిన ముక్క ఏమవుతుంది. దానికి మన కాలం కలిపింది ఫోనులో ఒక ఫోటో. ఇంకొకటి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. చీటీ మీద పేరు నగ ఎవరిదో వాళ్ళది ఉండాలి. తీసుకెళ్ళేది ఆయనైనా, అబ్బాయైనా సరే, పేరు మీదే రాయించండి. చీటీ మీ దగ్గరే పెట్టుకోండి. అలాగని ఇంట్లో ఎవరినీ అనుమానించమని కాదు. "సూస్తెనే నాకూ మంచిది" అన్నాడు చూశారూ ఆ అవుసలాయన, ఆ మాట ఇంట్లోవాళ్ళకూ అంతే పనిచేస్తుంది.

ఈసారి కొక్కెం విరిగితే పిన్నీసుతో సర్దుకుని నెలల తరబడి తిరక్కండి. తీసుకెళ్ళి బాగు చేయించుకోండి. వీలుంటే, వెనక గదిలో పనిచేసే ఆ మనిషిని ఒకసారి బయటికి పిలవమని అడగండి. మన మెడలో ఉండేదాన్ని బాగుచేసిన చేతులు ఎవరివో తెలుసుకుని, పని బాగుంటే బాగుందని చెప్పండి. వాళ్ళు తిట్లు చాలానే తిన్నారు.